పదిహేడు అంగుళాల చక్రాలు

మార్చి 14, 2004, ఆదివారం

గేజా కారు అమ్మేస్తానన్నాడు. పొద్దున కాఫీ తాగుతూ, ఇవాళ చలి తగ్గిందన్నంత మామూలుగా అన్నాడు. క్లీవ్‌లాండ్‌లో పాత కార్లు కొని దాచుకునే పెద్దమనిషి ఎవరో ఉన్నాడట. మే నెలలో వచ్చి చూస్తాడట. "కొన్న రోజు ఎలా ఉందో అలాగే ఉంది, ఒక్క బోల్టు కూడా మార్చలేదంటే ఫోన్లోనే ఎగిరి గంతేశాడు" అన్నాడు. తర్వాత బ్రెడ్డుకి వెన్న రాసుకున్నాడు.

ఆదివారాలు నాకు సగం నిద్రలోనే గడుస్తాయి. వారమంతా తెల్లవారకముందే లేచి బేకరీకి వెళ్లి కేకుల మీద క్రీమ్ పువ్వులు వేస్తాను. మధ్యాహ్నం వచ్చి పడుకుంటాను. నిద్రకీ మెలకువకీ మధ్య ఉండే గోడ నాకు ఎప్పుడో పలచబడిపోయింది. అందుకని గేజా ఆ మాట నిజంగా అన్నాడా, నేను కలగన్నానా అని కాసేపు ఆలోచించాను. వెన్న కత్తి ఇంకా బల్ల మీదే ఉంది. అన్నాడు.

అది డెబ్భై మోడల్ షెవెల్. ముదురాకుపచ్చ రంగు. గేజా ఇక్కడ టొలీడోలో గాజు ఫ్యాక్టరీలో చేరిన ఏడు కొన్నాడు. అప్పటికి నేనెవరో అతనికి తెలియదు. పెళ్లయ్యాక చర్చి నుంచి దాంట్లోనే ఇంటికి వచ్చాం. ముప్ఫై మూడేళ్లుగా నేను దాంట్లో కుడివైపు కూర్చుంటున్నాను. స్టీరింగ్ ముందు కూర్చోవద్దని అతను ఎప్పుడూ అనలేదు. కూర్చుంటానని నేనూ అడగలేదు.

మార్చి 16

అక్టోబరు సంగతి ఇందులో ఎప్పుడూ రాయలేదు. ఇవాళ రాస్తాను.

శుక్రవారం, బడి వదిలే వేళ. పెద్ద వాన పడి వెలిసింది. చేపలు కొనడానికి వెళ్తున్నాం. రైలు వంతెన కింద రోడ్డు పల్లంలోకి దిగుతుంది, వానొస్తే అక్కడ నీళ్లు నిలుస్తాయి. గేజా నెమ్మదిగానే దింపాడు. నీళ్లు రెండువైపులా రెక్కల్లా లేచాయి. ఎంత బాగుందో అనుకున్నాను. అటువైపు గట్టు ఎక్కగానే బడి పిల్లలు రోడ్డు దాటే చోటు వస్తుంది. అక్కడ పిల్లల్ని దాటించే ఫిలొమీనా, బండ్లని ఆపే ఎర్ర బోర్డు పైకెత్తి రోడ్డు మధ్యకి వచ్చింది.

మా కారువి పాతకాలం డ్రమ్ము బ్రేకులు. లోపలికి నీళ్లు చేరితే పట్టవు. గేజా కాలు నేను చూశాను. పెడల్ని నేలకి తొక్కిపెట్టాడు. కారు ఆగలేదు. పరిగెత్తనూ లేదు, జారింది. కలలో జారినట్టు, చప్పుడు లేకుండా. ఫిలొమీనా కళ్లజోడు దారం కూడా కనిపించేంత దగ్గరికి వెళ్లాం. ఆవిడ వెనక్కి దూకి, కాలిబాట అంచు తగిలి పడిపోయింది. తెల్ల గీతలు దాటాక కారు ఆగింది. పిల్లలు అప్పటికింకా రోడ్డు మీద అడుగు పెట్టలేదు.

ఆవిడ మణికట్టు విరిగింది. డెబ్భై దాటిన మనిషి. అంబులెన్స్ ఎక్కుతూ కూడా గేజాని తిడుతూనే ఉంది. "ఒరేయ్ వెధవా, నిక్కర్లేసుకున్నప్పటి నుంచి ఎరుగుదును నిన్ను, ఇదా నాకు నువ్విచ్చే బహుమతి" అని.

జనవరిలో కట్టు విప్పారు. ఫిబ్రవరిలో మళ్లీ బోర్డు పట్టుకుని నిలబడింది. ఆవిడ మరిచిపోయింది. గేజా మరవలేదు. ఆ రోజే కారు మీద దుప్పటి కప్పాడు. పనికి బస్సులో పోతున్నాడు. శనివారాలు డాన్సుకి రావడం మానేశాడు. నాతో మాట్లాడేటప్పుడు కూడా నా భుజం పక్కన ఉన్న ఖాళీతో మాట్లాడతాడు.

మార్చి 19, మధ్యాహ్నం

కల వచ్చింది. దుప్పటి కింద కారు ఊపిరి తీస్తోంది. అంచు ఎత్తి చూశాను. చక్రాల చోట నాలుగు గుండ్రటి కేకులు. వాటి మీద నేను వేసిన పువ్వులే. కారు బరువుకి కేకులు మెల్లగా కుంగిపోతున్నాయి.

లేచి చెప్పులు కూడా వేసుకోకుండా గ్యారేజీకి వెళ్లాను. చక్రాలు చక్రాల్లాగే ఉన్నాయి. అంత పెద్ద బండికి అంత చిన్న చక్రాలేమిటో. ఇన్నేళ్లూ గమనించనే లేదు.

మార్చి 22

రాస్కో టీస్లీ షాపుకి వెళ్లాను. టైర్లు, బ్రేకులు చేస్తాడు. బనానా క్రీమ్ పై అనే మిఠాయి కోసం రోజూ బేకరీకి వస్తాడు. నన్ను కేకులమ్మా అంటాడు. అతను నవ్వితే షాపు పైకప్పు రేకులు మోగుతాయి.

ఆ కారు వానలో కూడా ఆగేలా చేయగలవా అని అడిగాను.

"ఎందుకు చేయలేను? ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వేస్తే సరి. నీళ్లు పడ్డా విసిరికొడతాయి. కానీ కేకులమ్మా, మంచి పెద్ద డిస్కు వేశాననుకోండి, మీ పద్నాలుగు అంగుళాల చక్రం దాని మీద కూర్చోదు. పెద్ద గిన్నె మీద చిన్న మూత పెట్టినట్టే."

పదిహేడు అంగుళాలు కావాలట. అయితే బండి ఎత్తు పెరుగుతుందా అన్నాను. పెరగదట. లోపలి ఇనుప చట్రం పెరిగితే చుట్టూ ఉండే రబ్బరు పలచబడుతుంది, మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది. పలచటి రబ్బరు, వెడల్పు టైరు, రోడ్డుని పట్టుకునే తీరే వేరట. "ఇప్పుడు మీ బండి హవాయి చెప్పులేసుకుని పరిగెడుతోంది. దానికి బూట్లు కొనండి" అన్నాడు.

సరే చేసిపెట్టు అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "గేజా తన నోటితో సరేననాలి. పెళ్లాం జుట్టు రంగు మారినా కనిపెట్టని మగాడు కూడా కారుకి ఒక్క నట్టు మారితే కనిపెడతాడు. నాకింకా ఈ వీధిలో బతకాలనుంది."

మార్చి 23

ఇవాళ పువ్వులన్నీ చక్రాల్లా వచ్చాయి. మేనేజరు చూసి కొత్తగా ఉన్నాయంది.

మార్చి 28, ఆదివారం

అడిగాను. వద్దన్నాడు. "ఉన్నదున్నట్టు ఇస్తానని ఆయనకి మాటిచ్చాను. దాన్ని ముట్టుకోకు ఎటీ" అన్నాడు, నన్ను పేరు పెట్టి.

నేను ఎదురు మాట్లాడే మనిషిని కాను. మరి ఆ మాట ఎక్కడ్నుంచి వచ్చిందో. "ఆ క్లీవ్‌లాండ్ ఆయనకి ఇలాగే ఇచ్చేస్తావా? ఆయన ఊళ్లో వానలు పడవా? ఆయన వీధిలో పిల్లలు బడికి పోరా?" అన్నాను.

గేజా సింకు దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. కొళాయి తిప్పాడు. చేతులు కడుక్కోలేదు, నీళ్లు పోతున్నాయి. వెనక్కి తిరక్కుండానే చెప్పాడు. కారు కొన్న రోజు సేల్స్‌మన్ డిస్కు బ్రేకులు వేయించుకోమన్నాడట. కాస్త ఎక్కువవుతుంది, అంతే. గేజా ఆ డబ్బు రేడియోకి పెట్టాడట.

"పాటలు వింటూ తిరుగుదామనుకున్నాను. ఇరవై నాలుగేళ్లవాణ్ని. ఆ వయసులో ఆగడం గురించి ఎవడాలోచిస్తాడు?"

ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట నాకు చెప్పలేదు. ఆ రేడియో పక్కన కూర్చుని ఎన్ని పాటలు విన్నానో. నది ఒడ్డున పెళ్లికి ముందు, వేసవిలో కిటికీలు దించుకుని. వాటన్నిటిలో నాకూ వాటా ఉన్నట్టనిపించింది. లేచి కొళాయి కట్టేశాను.

మార్చి 29

కేకు డబ్బా మూత మీద కారు తాళాలు. గేజా అప్పటికే బస్సుకి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 11, ఈస్టర్

ఫిలొమీనాని భోజనానికి పిలిచాను. ఒంటరి మనిషి. హామ్, గుడ్లు, వాల్‌నట్ రోల్. గేజా ఆవిడకి వడ్డిస్తూనే ఉన్నాడు, ఆవిడ వైపు చూడకుండా. చివరికి ఆవిడే అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒరేయ్, పళ్లెంలో పెట్టింది చాలు గానీ నా మొహం ఒకసారి చూడు. నేనేం చచ్చిపోలేదు. ఈ మణికట్టు ఇప్పుడు వాన సంగతి ముందే చెబుతోంది, టీవీలో చెప్పేవాడికంటే నయం."

గేజా నవ్వబోయాడు. సగంలో ఆగిపోయింది.

వెళ్లేటప్పుడు ఆవిడ తనంతట తనే గ్యారేజీలోకి దూరి దుప్పటి ఎత్తింది. బానెట్ మీద ఒక్కటి చరిచింది. కోపంతో కాదు, ముసలి గుర్రాన్ని చరిచినట్టు. నేను చక్రాల సంగతి చెప్పాను. "పెద్దవా? మంచిదే. ఈసారి గుద్దితే కనీసం అందంగా గుద్దండి" అంది.

ఏప్రిల్ 18, ఆదివారం

తాళాలు చూసి రాస్కో ఒప్పుకున్నాడు గానీ, ఆగమన్నాడు. కొలతలు తీసుకుని ఆర్డరు పెడతానన్నాడు. నేనాగలేదు.

ఊరి బయట మైదానంలో పాత కారు సామాన్ల సంత. పొద్దున్నే వెళ్లాను. నది మీంచి పొగమంచు వచ్చి మైదానమంతా కమ్ముకుంది. మనుషులు నడుము నుంచి పైకే కనిపిస్తున్నారు. బల్లల మీద హెడ్‌లైట్లు వరసగా పెట్టారు, కళ్లు తీసి ఆరబెట్టినట్టు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒక ముసలాయన ట్రక్కు వెనక నాలుగు చక్రాలు కనిపించాయి. బూడిద రంగు. మధ్య నుంచి అయిదు రేకులు విచ్చుకున్నాయి, రోజూ నా చేతి నుంచి వచ్చే పువ్వులాగే. పదిహేడు అంగుళాలేనా అన్నాను. అవునన్నాడు. అయిదు బోల్టులూ మీ బండికి సరిపోతాయన్నాడు. ఇంకేం అడగకుండా కొనేశాను.

రాస్కో చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఎన్ని అంగుళాలన్నది ఒక్కటే కాదు కేకులమ్మా. అది బండి లోపలికి ఎంత కూర్చుంటుంది, బయటికి ఎంత పొడుచుకొస్తుంది చూసుకోవద్దా? రంగు నచ్చిందని బూట్లు కొనేస్తారా, పాదం కొలవకుండా?" తర్వాత ఒక రేకు మీద బొటనవేలుతో రాసి చూశాడు. "అందంగా మాత్రం ఉన్నాయి. నా ఖర్మ" అన్నాడు.

మే 1, శనివారం

రాస్కో రెండు శనివారాలుగా మా గ్యారేజీలోనే పని చేస్తున్నాడు. డిస్కులు బిగించాడు. గొట్టాలన్నీ మార్చాడు. వెనక డ్రమ్ములు ఉంచి వాటి లోపలి సరుకంతా కొత్తది వేశాడు. సుత్తి దెబ్బ వినబడినప్పుడల్లా ఇంట్లో గేజా టీవీ సౌండ్ పెంచుతున్నాడు.

ఇవాళ చక్రాలు ఎక్కించాడు. జాకీ మీంచి బండి కిందికి దిగుతుంటే వంగి చూశాను. దిగింది, కాస్త కదిలింది, కుదురుకుంది. చాలా ఏళ్ల తర్వాత స్నేహితురాలు జుట్టు కత్తిరించుకుని ఎదురుపడినట్టుంది. ఆమే, కానీ ఆమె కాదు. పాత చక్రాలు మడ్‌గార్డుల కింద దాక్కున్నట్టుండేవి. ఇవి నిండుగా ఉన్నాయి. గ్యారేజీలో వెలుతురు కూడా కొంచెం పెరిగినట్టుంది.

రాస్కో బండిని బయటికి తీస్తూ స్టీరింగ్ తిప్పాడు. కిర్రుమంది. టైరు భుజం మడ్‌గార్డు అంచుకి రాసుకుంటోంది. మళ్లీ తిప్పాడు. మళ్లీ కిర్రు. పళ్లు జివ్వుమన్నాయి.

వంటింటి తలుపు ధడాలున తెరుచుకుంది. గేజా. చేతిలో సూప్ గరిటె. "ఆపు! తిప్పకు! ఇంకో అంగుళం తిప్పావంటే టైరు కోసుకుపోతుంది. ఎవడు కొలిచాడు ఈ చక్రాల్ని?"

రాస్కో నా వైపు వేలు చూపించాడు. సిగ్గులేని మనిషి.

గేజా గరిటె బానెట్ మీద పెట్టాడు. వేలిముద్ర పడితేనే ఊరుకోని బానెట్ మీద! మోకాళ్ల మీద కూర్చుని టైరు మీదుగా చెయ్యి పోనిచ్చాడు. అక్టోబరు తర్వాత అతను ఆ కారుని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. "చిటికెన వేలు కూడా పట్టట్లేదు" అన్నాడు. మాతో కాదు, చక్రంతో. "ఈ మడ్‌గార్డు రేకు అంచు లోపలికి మడవాలి."

పొయ్యి మీద సూప్ అడుగంటింది. ముగ్గురం అదే తిన్నాం.

మే 2, ఆదివారం

అటక మీంచి బేస్‌బాల్ బ్యాటు తీశాడు. అతని చిన్నప్పటిది. టైరుకీ రేకు అంచుకీ మధ్య దూర్చి, బండిని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ దొర్లిస్తే బ్యాటు తిరుగుతూ అంచుని మడిచేస్తుందట. రంగు పగలకుండా రేకుని ముందు వెచ్చబెట్టాలి. నా హెయిర్ డ్రయ్యర్ ఇచ్చాను. ఒక చేత్తో డ్రయ్యర్, ఒక చేత్తో బ్యాటు. నేను వెనక నుంచి తోయాలి.

"తొయ్యి. ఆపు. వెనక్కి లాగు. ఆపమన్నానా! మెల్లగా ఎటీ, పడవని నీళ్లలోకి నెడుతున్నావా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వితే చేతుల్లో బలం ఉండదు. బండి వెనక్కి వచ్చేసింది. బ్యాటు జారి అతని పాదం మీద పడింది. వాళ్లమ్మ తిట్టే హంగేరియన్ తిట్టు ఒకటి తిట్టాడు. అది విని నేను నేల మీద కూలబడ్డాను. అతనూ కూర్చున్నాడు. డ్రయ్యర్ ఇంకా వేడిగాలి ఊదుతూనే ఉంది, మా ఇద్దరి మోకాళ్ల మీదికి. ఎంతసేపు నవ్వామో తెలియదు. ఎందుకు నవ్వుతున్నామో కూడా మరిచిపోయాం.

ఒకచోట రంగు పగిలింది, వెంట్రుక మందాన. గేజా దాని మీద వేలు పెట్టి ఉంచాడు. నేను తిట్టుకి సిద్ధంగా ఉన్నాను.

"పోనీలే" అన్నాడు.

ఇప్పుడు స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతోంది. చప్పుడు లేదు.

మే 15, శనివారం

క్లీవ్‌లాండ్ ఆయన వచ్చాడు. లేత పసుపు కోటు, పిల్లి నడిచినట్టు నడక. గేజా కారుని వాకిట్లోకి నెట్టి పెట్టాడు, ఎండ పడేలా. ఆయన చుట్టూ తిరుగుతూ తల ఊపుతున్నాడు. ముందు చక్రం దగ్గర తల ఆగిపోయింది.

"ఇదేంటండీ ఇది? ముసలావిడకి హైహీల్స్ తొడిగారు!"

"నడవడానికి కాదండీ తొడిగింది, ఆగడానికి" అన్నాడు గేజా. అని, అక్టోబరు సంగతి మొత్తం చెప్పాడు. రేడియోతో సహా. ముక్కూమొహం తెలియని మనిషికి, వాకిట్లో నిలబడి. నేను మెట్ల మీద కూర్చుని విన్నాను.

ఆయన ఓపిగ్గానే విన్నాడు. పాతవి పారేయలేదు కదా అన్నాడు. లేదు, ఉన్నాయి. "అయితే ఇంకేం. పాత చక్రాలు, పాత బ్రేకులు మళ్లీ బిగించి ఇచ్చేయండి. మీకేం భయం అక్కర్లేదు, నేను నడపను."

"నడపరా?"

"అస్సలు నడపను. షెడ్డులో పెడతాను. జనం వచ్చి చూసి పోతారు. తిరిగితే అరిగిపోతుంది కదండీ."

ఇక ఇచ్చేస్తాడనుకున్నాను. ఇంతకంటే మంచి దారి గేజాకి ఏముంటుంది? కారు పోతుంది, ఎవరికీ ఏ ప్రమాదమూ ఉండదు, మనసులో బరువూ దిగిపోతుంది. గేజా కారు వైపు చూస్తున్నాడు. ఎండకి ఆ ఆకుపచ్చ రంగులోంచి ఎక్కడో లోతు నుంచి ఇంకో ఆకుపచ్చ పైకి తేలుతోంది, చెరువు అడుగు కనిపించినట్టు.

"అమ్మనండీ" అన్నాడు.

ఆయనకి అర్థం కాలేదు. ఇంత దూరం రప్పించి ఇదేం మాట అన్నాడు. గేజా క్షమించమన్నాడు. "ఏడు నెలలుగా దుప్పటి కప్పి నేను చేస్తున్నదీ అదేనండీ. దానికి ఇంకో మనిషెందుకు?"

ఆయన విసుక్కుంటూనే వెళ్లిపోయాడు. పాపం, కాఫీ అయినా తాగలేదు.

మే 16

ఇవాళ గేజా నా కళ్లలోకి చూసి ఉప్పు అడిగాడు.

మే 23, ఆదివారం

గేజా ఎడమవైపు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. నేను కుడివైపు తలుపు దగ్గర నిలబడ్డాను, ఎప్పటిలాగే. తర్వాత అతను బండి ముందు నుంచి చుట్టూ తిరిగి నా వైపుకి వచ్చాడు. నన్ను దాటుకుని లోపల కూర్చున్నాడు.

"నేనా?" అన్నాను.

"ఇంకెవరు, రాస్కోనా?"

బేకరీకి నా చిన్న కారులో రోజూ వెళ్తాను. నడపడం రాక కాదు. కానీ ఇది వేరే. సీటు నా ఒంటికి కాదు, అతని ఒంటికి అలవాటు పడింది. గేజా ఆకారంలో ఉన్న గుంటలో కూర్చున్నట్టుంది. ఇంజన్ అందుకోగానే శబ్దం పాదాల్లోంచి పైకి పాకింది. రబ్బరు పలచన కదా, రోడ్డు మీది ప్రతి గులకరాయీ చేతికి తెలుస్తోంది. కళ్లు మూసుకుని ఎవరి మొహమో తడిమినట్టు ఉంది. మెల్లగా నది పక్క రోడ్డు మీదికి పోనిచ్చాను.

గేజా ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో సీటు అంచు పట్టుకున్నాడు. కొంతదూరం పోయాక తలుపు వదిలాడు.

"ఇటువైపు నుంచి నది కనిపిస్తుందే!" అన్నాడు.

ముప్ఫై మూడేళ్లుగా కనిపిస్తోంది.

జూన్ 13, ఆదివారం

నిన్నంతా వాన. పొద్దున వెలిసింది. అందరూ చర్చిలో ఉండే వేళ గేజా షర్టు గుండీలు పెట్టుకుంటూ వచ్చి "వంతెన దగ్గరికి పద" అన్నాడు.

నీళ్లు నిలిచి ఉన్నాయి. రోడ్డు మీద ఎవరూ లేరు. నీళ్లలోంచి పోయి గట్టెక్కి బ్రేకు తొక్కాను. బండి ముక్కు వంచి, సూటిగా ఆగింది. "మళ్లీ" అన్నాడు. మళ్లీ ఆగింది. "మళ్లీ." ఆగింది. అతని మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత తలుపు తీసుకుని దిగాడు.

"నేను అక్కడ నిలబడతాను. నువ్వు నీళ్లలోంచి రా."

నీకు పిచ్చా అన్నాను. నేను చెయ్యనన్నాను. ఇంటికి పోదామన్నాను. కిటికీ దగ్గర వంగి నిలబడ్డాడు. "ఆ రోజు ఆవిడకి ఏం కనిపించిందో నేను చూడాలి ఎటీ. అది చూడకుండా ఆ సీట్లో నేను ఎప్పటికీ కూర్చోలేను."

వెళ్లి తెల్ల గీతల మధ్య నిలబడ్డాడు. చేతులు ఏం చేసుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు.

మూల మీద ఇల్లే ఫిలొమీనాది. పరదా కదిలింది. తర్వాత తలుపు. పూల నైటీ మీద స్వెటర్ వేసుకుని, స్లిప్పర్లతో, చేతిలో ఎర్ర బోర్డుతో బయటికి వచ్చింది.

"ఒరేయ్, ఏంటా నిలబడటం, బస్సు కోసం నిలబడ్డట్టు! అది నా చోటు."

గేజా ఏదో చెప్పాడు. నాకు వినపడలేదు. ఆవిడ విన్నది. ఒకసారి నా వైపు చూసింది. ఒకసారి చక్రాల వైపు చూసింది. లోపలికి పొమ్మని గేజా బతిమాలుతున్నాడు. ఆవిడ గట్టిగా, నాకు వినపడాలనే అంది. "నడిపేది ఎటీయేగా? నీ మీద నమ్మకం లేదు గానీ ఆ పిల్ల మీద ఉంది." అని అతని జేబులోంచి చెయ్యి బయటికి లాగి పట్టుకుంది. రెండో చేత్తో బోర్డు పైకెత్తింది.

నేను వెనక్కి వెళ్లాను, వంతెన అవతలికి. అటు నుంచి అటే ఇంటికి పోవచ్చు. ఎవరూ నన్ను ఏమీ అనరు. ఇంజన్ తనలో తాను ఏదో చెప్పుకుంటోంది. వంతెన మీంచి నీళ్లు చుక్కచుక్కగా కారుతున్నాయి. అంతా నా మధ్యాహ్నపు కలలాగే ఉంది. ఈసారి మెలకువ వచ్చే దారి మాత్రం లేదు.

నెమ్మదిగా రాలేదు నేను. ఆ రోజు వచ్చినంత వేగంగానే వచ్చాను. నీళ్లు రెక్కల్లా లేచాయి. గట్టు ఎక్కాను. ఎదురుగా ఇద్దరు మనుషులు, వాళ్ల మీద ఒక ఎర్ర చుక్క. కాలు మొత్తం దించాను.

ఆగింది. తెల్ల గీతలకి ఎంతో ఇవతలే. వాళ్లకీ నాకూ మధ్య ఇంకో కారు పట్టేంత రోడ్డు ఖాళీగా పడి ఉంది.

ముందు ఫిలొమీనా బోర్డు దించింది. గేజా నడుచుకుంటూ వచ్చాడు. బానెట్ మీద రెండు చేతులూ పెట్టాడు. తర్వాత నుదురు పెట్టాడు. వెచ్చటి రేకు మీంచి ఆవిరి లేచి అతని జుట్టు చుట్టూ తిరుగుతోంది. భుజాలు కదులుతున్నాయి. నేను స్టీరింగ్ వదల్లేకపోయాను. వేళ్లు రాలేదు.

"ముద్దులయ్యాక లోపలికి రండి. కాఫీ పెడతాను" అంది ఫిలొమీనా.

ఇంటికి బయల్దేరేటప్పుడు తాళాలు అతనికి అందించబోయాను. తల అడ్డంగా ఊపాడు. "ఇంకా కాదు" అన్నాడు.

జూన్ 14

ఇవాళ పువ్వులన్నీ వణికాయి. ఎవరూ పట్టించుకోలేదు.

జూన్ 24, గురువారం, పొద్దుగూకే వేళ

ఈరీ సరస్సు ఒడ్డుకి వెళ్లాం. నీళ్లలోంచి మేఫ్లై పురుగులు లేచాయి. లక్షలు. ఆకాశం బూడిదరంగు బట్టలా ఊగుతోంది. దీపస్తంభాలకి బొచ్చు మొలిచింది. రోడ్డు మెత్తగా, జారుగా ఉంది. అద్దం నిండిపోయి ముందు ఏమీ కనిపించక పక్కకి తీసి ఆపాను.

గేజా దిగాడు. షర్టు విప్పి, దాంతో అద్దం తుడిచాడు. బనియన్ మీద, చెవుల మీద, కనుబొమల మీద రెక్కలు. ఎడమవైపుకి వచ్చి తలుపు తీశాడు. నేను పక్క సీట్లోకి జరిగాను.

ఎంత మెల్లగా నడిపాడంటే బానెట్ మీద వాలినవి వాలినట్టే ఉన్నాయి. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టాను. నిండిపోయింది. ఒక్కటీ కుట్టలేదు. వాటికి నోరు ఉండదని గేజా చెప్పాడు.

ఇంటిదాకా అతనే నడిపాడు.